రెండు మేకులు

షెడ్డు తలుపుకి అటూ ఇటూ రెండు మేకులు కొట్టాను.
లోపలి మేకుది లోపలే ఉండాలి:
నీలం ఓవరాల్, టోపీ, దాని కింద బూట్లు.
బయటి మేకుకి ఇంట్లో తొడుక్కునే చొక్కా.
మధ్యలో ఒక్క అడుగు గడప.
ఈ గాలిలో ఆ ఒక్క అడుగూ వణుకుతూనే దాటతాను.

తాత ఏలమ్‌కి మేకుల్లేవు, గడపా లేదు.
వంటింటి స్టవ్ మీద, సూప్ గిన్నె పక్కనే
ఇనప గరిటెలో సీసం కరిగించేవాడు.
గాలపు తాడుకి గుచ్చే చిన్న గుండ్లని
పంటితో కొరికి నొక్కేవాడు.
"తియ్యగా ఉంటుందిరా గార్లాండ్" అనేవాడు.
చివరి ఏళ్ళలో ఆయన కుడి మణికట్టు
తెంపిన ఆకుకాడలా వేలాడింది.
చలి అనుకున్నాం.
న్యూఫౌండ్‌లాండ్‌లో, మా పిన్స్ కోవ్‌లో
దేనికైనా చలే కారణం.

వేసవిలో కొన్నాళ్ళే
ఇంటికి సరిపడా కాడ్ పట్టుకోనిస్తారు.
అందుకని ఏప్రిల్‌లోనే, ఒడ్డున మంచుపెళ్ళలు
ఒకదాన్నొకటి ఒరుసుకుంటున్నప్పుడే
నేను జిగ్గర్లు పోస్తాను.
జానెడు సీసపు చేప, రెండు కొక్కేలు.
ఎర అక్కర్లేదు, మెరిస్తే చాలు.

మూస ఆరిందా అని మూడుసార్లు తడుముతాను.
హెడ్లీ కీపింగ్ టోపీ అంచునుంచి
ఒక్క మంచుపలుకు జారింది కరిగిన సీసంలోకి.
అది పైకప్పుదాకా లేచింది.
అతని ఎడమ కనుబొమ్మ ఇప్పటికీ మొలవలేదు.
తెట్టుని గరిటెతో పక్కకి తీస్తే
కింద అద్దం.
అందులో ఒక్క క్షణం
ముసుగేసుకున్న నేను.

ఇన్ని తెలిసినవాణ్ణి.
కిటికీ తెరిచేవాణ్ణి, ఫ్యాన్ పెట్టేవాణ్ణి,
థర్జాని షెడ్డు ఛాయలకి రానిచ్చేవాణ్ణి కాదు.
రెండేళ్ళ పిల్ల.

చెవిలో సీసం పోసినట్టు అంటారే,
అది వేడిగా ఉండదు.
గ్యాండర్ క్లినిక్ నుంచి ఫోన్లో
మర్యాదైన నర్సు గొంతుతో
చల్లగా వస్తుంది.
ఒక అంకె చెప్పింది. చిన్న అంకే.
చిన్న ఒంటికి చిన్నది కాదట.

పెయింట్ గీకి చూశాం. పైపులు చూశాం. బొమ్మలన్నీ చూశాం.
డల్సీయే కనిపెట్టింది,
సాయంత్రం నా ఒళ్ళో పిల్ల నిద్రకి జారుతుంటే.
నా ఊలు స్వెటర్ చేతి అంచు
దాని నోట్లో ఉంది.
రోజూ ఉండేదే.
షెడ్డులో పనిచేసి నేను అలాగే వచ్చి
ఎత్తుకునేవాణ్ణి.

డల్సీ ఒక్క మాట అనలేదు.
వాళ్ళమ్మ అల్లిన స్వెటర్.
సంచిలో పెట్టి రెండు ముళ్ళు వేసింది.
చేతులు కాలాక పట్టుకోవడానికి
ఆకులైనా ఉంటాయి.
కాల్చకుండా కాల్చేదానికి
ఏం పట్టుకోను?

చీపురు తీసేశాను.
పొడి ఊడ్పు అంటే దుమ్ముకి రెక్కలివ్వడమే.
ఇప్పుడు తడిగుడ్డ, మూతున్న డబ్బా.
టీ ఫ్లాస్కు షెడ్డు మెట్టు దగ్గరే ఆగుతుంది, నాలాగే.
ముందు చన్నీళ్ళు, సబ్బు, బ్రష్షు.
గోటితో పోయేది
గోటి దగ్గరే పోవాలి.
అందుకే గోళ్ళ కింద
ఎర్రబడేదాకా తోముతాను.
తోమాక, మళ్ళీ ఒకసారి.

శరదృతువులో అంకె దిగింది.
సున్నా కాలేదు.
నర్సు "మంచిదే" అంది. నేను కాగితం మడిచి
బయటి మేకుకి గుచ్చాను.

కిటికీలోంచి పిల్ల చూస్తుంది,
మూసలోంచి మెరుస్తూ జారే చేపని.
కావాలంటుంది. ఏడుస్తుంది.
దానికోసం భూర్జ కర్రతో ఒకటి చెక్కాను,
రంగు వెయ్యలేదు, కొక్కెం లేదు.
నీళ్ళలో వేస్తే మునగదు,
ఏ కాడ్ దాన్ని నమ్మదు.

తోక నిండా
పాలపళ్ళ గాట్లు.